నెల్లూరు తీరానికి వచ్చిన బోధ - మాకు మిగిలిన పేరు

మా పిల్లల పుస్తకాల్లో సంఘసంస్కర్తల పాఠం ఒకటుంటుంది. రామమోహనరాయ్, విద్యాసాగర్, ఫూలే, వీరేశలింగం. చదవాల్సిన పాఠమే. మేం చదివాం, మా పిల్లలూ చదువుతున్నారు. ఆ పాఠం చివర్లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. అంతకు ముప్పై ఏళ్ల ముందు పుట్టిన ఇంకో సయ్యద్ అహ్మద్ ఉన్నాడు. ఆయన బోధ గంగాతీరంలో మొదలై పెన్నా తీరం దాకా వచ్చింది. నెల్లూరు కచేరీలో కలవరం పుట్టించింది. ఉదయగిరి జాగీరు ఊడిపోవడానికీ, కర్నూలు నవాబు గద్దె కూలడానికీ, హైదరాబాదు నిజాం సొంత తమ్ముడు గోల్కొండ కోటలో ఖైదీగా చనిపోవడానికీ ఆ బోధ పేరే చెప్పారు. అయినా ఆయన సంస్కర్తల పాఠంలో లేడు. ఆయన ఉన్నది కుట్ర కేసుల్లో.

ఆయన నుంచి మాకు మిగిలింది ఒకే ఒక్క మాట: వహాబీ. ఆ మాట ఆయన పెట్టుకున్నది కాదు. కంపెనీవాళ్లు, ఆయన ప్రత్యర్థులు అంటగట్టింది. దాదాపు రెండు వందల ఏళ్లుగా అది మా నెత్తిన కూర్చుని ఉంది. బయటివాడు ఆ మాట అంటే దేశద్రోహి అని అర్థం. లోపలివాడు అంటే దర్గాకు రానివాడు, ఫాతెహా ఇవ్వనివాడు అని అర్థం. రెండు పక్కల నుంచీ తిట్టే. ఈ తిట్టు ఎక్కడ పుట్టిందో, మా ఊళ్లకెలా వచ్చిందో తెలుసుకోకుండా మేమెవరమో చెప్పుకోలేం. అందుకే ఈ వ్యాసం.

ముందు పేర్ల చిక్కు విప్పాలి. ఇక్కడ చెబుతున్న సయ్యద్ అహ్మద్ రాయ్ బరేలీవాడు. 1786లో పుట్టాడు. అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ వేరు. ఆయన పుట్టింది 1817లో, ఢిల్లీలో. ఇంకో చిక్కు కూడా ఉంది. రాయ్ బరేలీవాడు కాబట్టి ఈయన్ని సయ్యద్ అహ్మద్ బరేల్వీ అంటారు. ఇవాళ దర్గాలను, ఉర్సులను, ఫాతెహాలను సమర్థించేవాళ్లనూ బరేల్వీలనే అంటారు. వాళ్ల బరేలీ వేరే ఊరు, వాళ్ల గురువు అహ్మద్ రజా ఖాన్ (1856-1921) వేరే మనిషి. ఒకే మాట రెండు ఎదురెదురు పక్షాలకు అంటుకుంది. మా గురించి రాసేవాళ్లు ఈ పాటి తేడా కూడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. మాలో కూడా చాలామందికి ఈ తేడా తెలీదు.

సయ్యద్ అహ్మద్ పెద్ద పండితుడేం కాదు. ఢిల్లీ వెళ్లి షా వలీయుల్లా కొడుకు షా అబ్దుల్ అజీజ్ దగ్గర శిష్యరికం చేశాడు కానీ, ఆయన మనసు పుస్తకాల మీద కన్నా ఆచరణ మీదే ఎక్కువ. కొన్నేళ్లు అమీర్ ఖాన్ పిండారీ దండులో సిపాయిగా ఉన్నాడు. 1817లో అమీర్ ఖాన్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని టోంకు నవాబు అయిపోయాక ఆ దండు వదిలేసి ఢిల్లీ తిరిగి వచ్చాడు. అక్కడి నుంచి బోధకుడయ్యాడు. షా వలీయుల్లా మనవడు షా ఇస్మాయిల్ లాంటి పెద్ద పండితుడు ఈ సిపాయి చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేశాడు. ఆయన కన్నా ఎక్కువ చదువుకున్నవాళ్లు ఆయన పల్లకీ పక్కన నడిచారని ఆ రోజుల్లో వింతగా చెప్పుకున్నారు.

ఆయన చెప్పిందేమిటి? దేవుడొక్కడే. మొక్కాల్సింది ఆయనకే. సమాధులకు సజ్దా చెయ్యొద్దు. పీర్ల పేర మొక్కుబళ్లు వద్దు. పెళ్లికీ చావుకీ అప్పులు చేసి విందులు పెట్టొద్దు. తాజియాలు వద్దు. విధవలకు మళ్లీ పెళ్లి చేయండి. మక్కాకు పోయే తాహతు ఉంటే పొండి, సముద్రానికి భయపడొద్దు. ఇంతే. వీటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి పొట్ట మీద కొట్టే మాటే. ముజావర్ల ఆదాయం మీద, పీర్జాదాల పెద్దరికం మీద, షరీఫు ఖాందాన్ల పరువు మీద.

విధవా పునర్వివాహం సంగతి చూడండి. ఇస్లాంలో దానికి అడ్డేం లేదు. ప్రవక్త భార్యల్లో ఎక్కువమంది విధవలే. అయినా ఉత్తరాది సయ్యదుల, షేకుల ఇళ్లలో విధవను మళ్లీ పెళ్లి చేసుకోనివ్వడం తలవంపులు అనుకునేవాళ్లు. పక్కింటి అగ్రకులాల ఆచారం మా షరీఫు ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. సయ్యద్ అహ్మద్ బోధలు చెప్పి ఊరుకోలేదు. చనిపోయిన తన అన్న భార్యను తానే పెళ్లి చేసుకున్నాడు. ఆ కబురు ఊరూరికీ ఉత్తరాలుగా పంపించాడు. అప్పటికి విద్యాసాగర్ ఇంకా పుట్టలేదు. విధవా పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. మేం ఇది చెప్పేది వీరేశలింగాన్ని తగ్గించడానికి కాదు. ఆయన ఎదుర్కొన్న వెలి, బెదిరింపులు చిన్నవి కావు. ఒకే పని ఇద్దరు చేస్తే ఒకరు విగ్రహంగానూ, ఇంకొకరు నేరస్తుడిగానూ మిగలడం ఎందుకో అడగడానికే చెప్తున్నాం.

హజ్ సంగతీ అంతే. సముద్రంలో పరాయి ఓడల భయం ఉంది కాబట్టి ఈ దేశపు ముస్లింలకు హజ్ విధి కాదని కొందరు ఉలేమాలు ఫత్వాలిచ్చారు. దాన్ని తప్పని నిరూపించడానికి 1821లో ఆయన వందల మందిని, ఆడవాళ్లను కూడా, వెంటబెట్టుకుని పడవల మీద గంగలో కలకత్తా దాకా పోయి, అక్కడ ఓడలు మాట్లాడుకుని మక్కా వెళ్లాడు. దారి పొడుగునా జనం బైఅత్ చేశారు. వాళ్లలో నేతగాళ్లు, చిన్న వర్తకులు, దండుల్లోంచి బయటపడ్డ సిపాయిలు ఎక్కువ. 1824 నాటికి తిరిగొచ్చాడు.

ఆయనకు అరేబియా వహాబీలతో సంబంధం కట్టింది ఈ మక్కా ప్రయాణం చూసే. ఆ మాట నిలవదు. ఆయన బోధ మక్కా పోకముందే తయారైంది. అది షా వలీయుల్లా ఇంటి సంప్రదాయం. పైగా ఆయన సూఫీ. తన దగ్గరికొచ్చినవాళ్లకు నక్ష్‌బందీ, ఖాదరీ, చిష్తీ తరీఖాల్లో బైఅత్ ఇచ్చేవాడు. నజ్ద్‌లోని వహాబీ ఎవడూ ఆ పని చెయ్యడు. తన మార్గానికి ఆయన వర్గం పెట్టుకున్న పేరు తరీఖా-ఎ-ముహమ్మదీయా. ఆ పేరు ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. తిట్టు మాత్రం గుర్తుంది.

ఇక దాచకూడని సంగతులు. 1826లో ఆయన వాయవ్య సరిహద్దుకు వలసపోయి రంజిత్ సింగ్ సిక్కు రాజ్యం మీద జిహాద్ ప్రకటించాడు. 1827లో అక్కడ ఇమాముగా ప్రకటించుకున్నాడు. 1830లో కొద్ది నెలలు పెషావరు ఆయన చేతికి వచ్చింది. అక్కడి పఠాన్ల మీద పన్నులు వేశాడు. వాళ్ల పెళ్లి ఆచారాల్లో చెయ్యి పెట్టాడు. వాళ్లు తిరగబడి ఆయన మనుషుల్ని చంపేశారు. 1831 మే 6న బాలాకోట్‌లో సిక్కు సైన్యంతో పోరాడుతూ ఆయనా, షా ఇస్మాయిలూ చనిపోయారు. బోధతో పోయినంత దూరం జనం వెంట వచ్చారు. అధికారంతో సంస్కరించబోయేసరికి సాటి ముస్లింలే ఎదురు తిరిగారు. ఈ పాఠం మాకు ముఖ్యం. ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు దీన్ని చెప్పరు. తిట్టేవాళ్లకు తెలీదు.

ఇప్పుడు నెల్లూరు వైపు వద్దాం. ఆ రోజుల్లో ఈ తీరం ఎలా ఉంది? ఆర్కాటు నవాబుల పెత్తనం పోయి 1801లో కంపెనీ దొరతనం వచ్చింది. నవాబు పేరుకు మద్రాసులో మిగిలాడు. ఆయన ఫౌజులో, కచేరీల్లో, కోటల్లో బతికినవాళ్లు రోడ్డున పడ్డారు. 1805లో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం పెట్టింది. మాంచెస్టరు బట్ట దిగింది. నెల్లూరు నేతగాళ్ల మగ్గాలు ఒక్కటొక్కటిగా ఆగాయి. 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు, నెల్లూరు సీమల్ని ఊడ్చేసింది. 1837లో ఫారసీ కచేరీ భాషగా పోయింది. మున్షీగిరీ చేసుకు బతికే ఇళ్లకు అది చావుదెబ్బ. ఇది ఒక్క సాయిబుల కష్టం కాదు, ఆ కరువులో చచ్చింది ఎక్కువ మాల మాదిగలే, కూలీలే. కానీ నిన్నటిదాకా ఏలినవాళ్లమన్న పేరుండి, తినడానికి తిండి లేని స్థితి మాది. పేరుకు నవాబు, ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇంకో వైపు ఈ నేల దర్గాల నేల. అనుమసముద్రంపేటలో పద్దెనిమిదో శతాబ్దపు ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్, ఆయన భార్య హబీబా ఖాతూన్ సమాధులున్నాయి. ఆ పేటకే రహమతాబాదు అని పేరు. కసుమూరులో మస్తాన్ వలీ ఉన్నాడు. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారా షహీదుల దర్గా ఉంది. ఆ పన్నెండుగురి గురించి జనం చెప్పుకునే కథలు చాలా ఉన్నాయి. మొహర్రం నెలలో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు చెరువులో నిలబడి రొట్టె తీసుకుంటారు. తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. ఇచ్చేవాళ్ల కులం, పుచ్చుకునేవాళ్ల మతం ఎవరూ అడగరు. ఇవాళ దాన్ని రాష్ట్ర పండుగ అంటున్నారు.

ఈ రెండింటి నడుమకు వచ్చింది ఆ బోధ. సయ్యద్ అహ్మద్ తన ఖలీఫాల్ని దక్షిణానికి పంపాడు. రాంపురానికి చెందిన సయ్యద్ ముహమ్మద్ అలీ మద్రాసు వచ్చి బోధించాడు. పాట్నాకు చెందిన విలాయత్ అలీ హైదరాబాదులో బోధించాడు. మద్రాసులో ఆర్కాటు నవాబు కొలువును నమ్ముకున్న ఉలేమాలు ఎదురు నిలిచారు. షా ఇస్మాయిల్ రాసిన తఖ్వియతుల్ ఈమాన్ మీద పెద్ద రగడ జరిగింది. ఆ పుస్తకం ఉర్దూలో ఉంది. ఫారసీ రాని మామూలు జనానికి అర్థమయ్యేలా రాసింది. అదే దాని నేరం. అరబ్బీ, ఫారసీ గుప్పిట్లో ఉన్న ధర్మాన్ని దర్జీకీ, సిపాయికీ అందిస్తే మౌల్వీ పెద్దరికం ఏమైపోవాలి?

గురువు బాలాకోట్‌లో చనిపోయాక ఎనిమిదేళ్లకు తుపాను లేచింది. అది లేచింది నెల్లూరులో. అప్పటి నెల్లూరు మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్. ఫకీరు వేషాల్లో, బోధకుల వేషాల్లో మనుషులు తిరుగుతున్నారని, సిపాయిల్ని కదిలిస్తున్నారని, హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలా వీళ్లకు నాయకుడని, ఉదయగిరి జాగీర్దారుకూ కర్నూలు నవాబుకూ ఇందులో చెయ్యి ఉందని ఆయనకు సమాచారం అందింది. ఆ సంగతి పైకి పోయింది. హైదరాబాదులో రెసిడెంటు ఫ్రేజరు కదిలాడు.

ఫకీర్లంటే మద్రాసు సర్కారుకు ఎందుకంత దడ? 1806 జులై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. గడ్డాలు గీయమన్నారని, బొట్లు చెరపమన్నారని, కొత్త టోపీలు పెట్టుకోమన్నారని హిందూ ముస్లిం సిపాయిలు కలిసి లేచారు. అప్పటి నుంచి దండు పక్కన పాడుకుంటూ పోయే ప్రతి ఫకీరూ సర్కారు కంటికి గూఢచారే. దానికి తోడు 1839లో కంపెనీ అఫ్ఘనిస్తాన్ మీదికి దండెత్తింది. రష్యా వస్తుందని, ఇరాన్ వస్తుందని పుకార్లు. కాబూలులో తుపాకి పేలితే నెల్లూరులో ఫకీరు మీద నిఘా పడింది. ఇవాళ్టి వాళ్లకు ఇది కొత్తగా ఉందా? ఎక్కడో ఏదో జరిగితే ఇక్కడ మా వీధిలో పోలీసు జీపు ఆగడం మా తాతల కాలం నుంచీ ఉన్నదే.

1839 జూన్‌లో ముబారిజుద్దౌలాను పట్టుకుని గోల్కొండ కోటలో పెట్టారు. విచారణ సంఘం వేశారు. కుట్ర ఉందని తేల్చారు. ఆయన 1854లో చనిపోయేదాకా అక్కడే ఖైదు. కర్నూలులో నవాబు గులాం రసూల్ ఖాన్ కోటను సోదా చేస్తే ఫిరంగులూ మందుగుండూ బయటపడ్డాయి. అక్టోబరులో కంపెనీ సైన్యం దిగింది. జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లి తీసుకుపోయారు. 1840లో అక్కడే ఒక మనిషి పొడిచి చంపాడు. కర్నూలు కంపెనీలో కలిసిపోయింది. ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ను చెంగల్పట్టులో ఖైదు చేశారు. ఆర్కాటు నవాబుల కాలం నుంచి ఆ వంశం చేతిలో ఉన్న జాగీరును సర్కారు తీసేసుకుంది.

జాగ్రత్తగా చూడండి. ఈ కేసులో నవాబుల పేర్లున్నాయి. జాగీర్దార్ల పేర్లున్నాయి. మరి ఆ బోధ విన్న నెల్లూరు నేతగాడి పేరేది? కంటోన్మెంటు సిపాయి పేరేది? ఆయన ఏం విన్నాడు, ఏం నమ్మాడు, ఎందుకు నమ్మాడు? కచేరీ కాగితాలకు అవసరమైంది కుట్ర. అందుకే అందులో కుట్రే ఉంది. ఆ కాగితాలు చదివి చరిత్ర రాసినవాళ్లు కొందరు దాన్ని మతోన్మాదుల కుట్ర అన్నారు. స్వాతంత్య్రం వచ్చాక కొందరు అదే కుట్రను స్వాతంత్య్ర పోరాటం అన్నారు. మొదటి మాట మమ్మల్ని ద్రోహుల్ని చేసింది. రెండోది పొగడ్తగానే ఉంది, కానీ అది కూడా మేజిస్ట్రేటు చెప్పిందే తలకిందులు చేసి చెప్పడం. ఇద్దరూ బోధను వదిలేశారు. మొక్కులు మానమన్న, అప్పుల పెళ్లిళ్లు వద్దన్న, విధవకు పెళ్లి చెయ్యమన్న ఆ మాటలు ఇద్దరికీ పనికిరాలేదు.

ఆ తర్వాత ఆ పేరు ఊరుకోలేదు. 1857 తిరుగుబాటు అయింది. 1864లో అంబాలాలో, 1865లో పాట్నాలో వహాబీ కేసులు నడిచాయి. జీవిత ఖైదులు పడ్డాయి, అండమానుకు పంపారు. 1871లో డబ్ల్యు. డబ్ల్యు. హంటరు అనే అధికారి ఒక పుస్తకం రాశాడు. రాణి మీద తిరగబడడం ముస్లింల మతధర్మమా అన్నది దాని ప్రశ్న. సర్ సయ్యద్ దానికి జవాబు రాయాల్సి వచ్చింది. అక్కడ మొదలైంది మా సంజాయిషీల చరిత్ర. మేం విధేయులం అని చెప్పుకోవడం, చెప్పుకున్నా నమ్మకపోవడం. చివరికి 1880ల్లో అహ్లె హదీస్ వర్గంవాళ్లు అర్జీ పెట్టుకుని సర్కారు కాగితాల్లో తమను వహాబీలు అనకుండా చేసుకున్నారు. ఒక జాతి తన పేరు తాను పెట్టుకోవడానికి ప్రభుత్వానికి అర్జీ పెట్టాల్సి రావడం కన్నా హీనం ఏముంది?

ఇదే కాలంలో ఇంకో దెబ్బ తగిలింది. 1864లో ఖాజీలను ప్రభుత్వం నియమించే పద్ధతి రద్దయింది. పెళ్లిళ్లు, తలాఖులు, ఆస్తి పంపకాలు చూసేవాడు చట్టం కంట్లో ఎవడూ కాకుండా పోయాడు. మళ్లీ 1880లో ఖాజీల చట్టం తెచ్చి నియామకం పెట్టారు కానీ, తీర్పు చెప్పే అధికారం ఇవ్వలేదు. కచేరీ పోయింది, జాగీరు పోయింది, ఫారసీ పోయింది, ఖాజీ పోయాడు. మసీదు ఒక్కటే మిగిలింది. అన్నీ పోయినవాళ్లు మసీదు లోపల ఎవరు అసలు ముస్లిం అని తగాదా పడటం మొదలుపెట్టారు. మా తగాదాల్ని మా మూర్ఖత్వం అనేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

ఇక లోపలి మాట. ఇది మా వాళ్లతో మేం మాట్లాడుకోవాల్సిన మాట. సెక్యులర్ మిత్రులు కూడా వినొచ్చు.

ఆ బోధ వారసులమని చెప్పుకునేవాళ్లు ఇవాళ మా ఊళ్లలో ఉన్నారు. దర్గాకు పోతే కాఫిర్ అంటారు. పీరు ఎత్తే దూదేకుల సాయిబును చూసి ఉర్దూ రాదు, నమాజు రాదు, వీడేం తురక అంటారు. రొట్టెల పండుగలో చెరువులో నిలబడ్డ మా అమ్మలను బేషరా అంటారు. మేం వాళ్లను ఒకటడుగుతాం. మీ గురువు జనానికి అర్థమయ్యే భాషలో ధర్మం చెప్పాలన్నాడు. అందుకే ఫారసీ వదిలి ఉర్దూ పట్టుకున్నాడు. మరి తెలుగు తప్ప ఇంకోటి రాని మా దూదేకులవాళ్లకు, లద్దాఫులకు, నూర్బాషాలకు మీరు తెలుగులో చెప్పారా? ఖురాను తెలుగులోకి మొదట వచ్చింది 1925లో. చేసినవాడు చిలుకూరి నారాయణరావు, బ్రాహ్మణ పండితుడు. ఆయనకు మేం రుణపడ్డాం. కానీ గురువు చనిపోయి దాదాపు వందేళ్లు గడిచినా మా పెద్దలకు తెలుగులో చెప్పాలన్న ఆలోచన ఎందుకు రాలేదు? ఎందుకంటే తెలుగు మాట్లాడే సాయిబు వాళ్ల లెక్కలో సగం సాయిబే. బోధ అందరికీ అన్నారు. భాష మాత్రం కొందరిదే ఉంచుకున్నారు.

ఇంకోటి. గురువు చెప్పినవాటిలో మీరు ఏరుకున్నదేమిటి? దర్గాకు పోవద్దన్నది గుర్తుంది. విధవకు పెళ్లి చెయ్యమన్నది గుర్తుందా? అప్పులు చేసి పెళ్లిళ్లు చెయ్యొద్దన్నది గుర్తుందా? మా ఊళ్లలో జోడేకీ రఖం అని కట్నం గుంజుతుంటే, ఒక్క జుమ్మా ఖుత్బాలో దాన్ని హరామ్ అని గట్టిగా అనరే? పేదదాని మొక్కు షిర్క్ అయింది, ఉన్నవాడి కట్నం రివాజు అయింది. ఇది సంస్కరణ కాదు. పేదల మీద పెత్తనం.

అట్లాగని దర్గా పెద్దలు చేసేదంతా మంచిదనీ మేం అనం. దర్గా అంటే హిందూ ముస్లిం ఐక్యత అని సెక్యులర్ మిత్రులు మురిసిపోతారు. నిజమే, ఆ నీళ్లలో రొట్టె అందుకునే చేతికి మతం లేదు. ఆ చేతుల్ని మేమూ ప్రేమిస్తాం. కానీ దర్గాలో హుండీ ఉంది. వంశపారంపర్యపు ముజావరీ ఉంది. జబ్బుపడ్డ పిల్లను డాక్టరు దగ్గరికి కాకుండా తాయెత్తు దగ్గరికి తీసుకుపోయే భయం ఉంది. సయ్యద్ అహ్మద్ ప్రశ్నించింది దీన్నే. గుడిలో ఇవే ప్రశ్నలు వేసినవాణ్ణి హేతువాది అని మెచ్చుకుంటారు. దర్గాలో ఈ ప్రశ్నలు వేసినవాణ్ణి ఛాందసుడు అంటారు. దర్గాకు పోయే ముస్లిం మంచి ముస్లిం, పోనివాడు అనుమానితుడు అన్న లెక్క మాకొద్దు. ఎంత ముస్లిమై ఉండాలో మా మౌల్వీ చెబుతాడు, ఎంత ముస్లిం కాకుండా ఉండాలో మీరు చెబుతారు. ఇద్దరి కొలతబద్దలూ మాకు అక్కర్లేదు.

1992 డిసెంబరు 6 తర్వాత మేం రాయడం మొదలుపెట్టినప్పుడు, చరిత్ర మీది కాదు అన్నవాళ్లున్నారు. దండెత్తి వచ్చినవాళ్ల సంతానమన్నారు. మా చరిత్ర వెతికితే దొరికింది దండయాత్ర కాదు. మగ్గం ఆగిన నేతగాడు, కొలువు పోయిన సిపాయి, భాష పోయిన మున్షీ, పేరు కూడా మిగలని ఫకీరు దొరికారు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది మావాళ్లు, పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. రాష్ట్ర ప్రభుత్వం కొందరికి పరిహారం కూడా ఇచ్చింది. పోయిన పేరుకు పరిహారం లేదు. నెల్లూరు కచేరీలో 1839లో అనుమానానికి ఏ గడ్డం, ఏ వేషం గుర్తుగా పెట్టుకున్నారో, ఇన్నేళ్ల తర్వాతా అవే గుర్తులు.

సయ్యద్ అహ్మద్‌కు విగ్రహం పెట్టమని మేం అడగడం లేదు. విగ్రహాలు ఆయనకే గిట్టవు. ఆయన కత్తి మాకు వద్దు. పెషావరులో ఆయన అధికారం ఎందుకు కూలిపోయిందో మాకు తెలుసు. అన్న భార్యకు నిఖా చదివించి ఆ కబురు దేశమంతా పంపిన ధైర్యం మాకు కావాలి. పండితుల భాష వదిలి జనం భాష పట్టుకున్న తెగువ కావాలి. అది మాకు కావాల్సింది తెలుగులో. ఉదయగిరి కొండ కింద, కృష్ణపట్నం ఒడ్డున, మైపాడు దారిలో మా జనం మాట్లాడే తెలుగులో.

సంస్కర్తల పాఠంలో ఆయన పేరు చేర్చండి. ఆయన చేసిన మంచితో పాటు తప్పులూ చేర్చండి. మా పిల్లలు మీ పిల్లల పక్కన కూర్చుని చదువుతారు. కేసు కాగితం చదివినట్టు కాదు, మనిషి కథ చదివినట్టు చదువుతారు. ఆ పాఠం మీరు రాయకపోతే మేం రాసుకుంటాం. రాస్తూనే ఉన్నాం.